ఎక్కడికని అడిగిన గవిరమ్మ

అనగనగా అంటాను, మీరు ఊ కొట్టాలి. కొట్టకపోతే కథ ఇక్కడే ఆపేస్తాను.

అనగనగా ఒక కనుమ. అక్కడ మూడు దారులు చీలేవి. ఒకటి జలపాతానికి, ఒకటి గుహకి, ఒకటి కొండమీది అమ్మవారి జాతరకి. ఆ చీలిక దగ్గర కొండచీపుర్లు అమ్ముకునేది గవిరమ్మ అనే ముసలిది.

ఆ కొండలు చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో వచ్చేవారు. అందరినీ ఆమె ఒకటే అడిగేది.

"ఎక్కడికి బాబూ?"

చూశారా, మీకే ఒళ్లు మండింది! బయల్దేరినవాళ్లని ఎక్కడికని అడుగుతారా ఎవరైనా? కొందరు తిట్టేవారు. కొందరు కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి కదిలేవారు. కొందరు పాపం పోనీలే అని చెప్పేవారు.

పడుచుతనంలో ఓ పొద్దున ఆమె మొగుడు బయల్దేరాడు. అపశకునమని ఆమె అడగలేదు. మంచు దిగింది, అతను రాలేదు. ఏ దారిన వెతకాలో ఆమెకి తెలియలేదు. అప్పట్నుంచీ అడుగుతూనే ఉంది.

ఒకనాడు సూరపునాయుడు ఇంటిల్లిపాదితో వచ్చాడు.

"ఎక్కడికి బాబూ?"

"నీ నోరు పడిపోను! కొత్తకోడల్ని తీసుకెల్తంటే ఎక్కడికంటావేటే?" అంటూ విసవిసా మలుపు తిరిగిపోయాడు.

మలుపు దాటాక అతని పెళ్లాం ఆగిపోయింది. "నాకు మనసు పీకతంది. ఇంటికెలిపోదాం," అంది. ముసలిదాని మొహం మళ్లీ చూడకూడదని అడ్డదారిన ఇంటికి పోయారు.

మధ్యాహ్నానికి మంచు కమ్మేసింది. చెప్పి వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చారు. నాయుడు వాళ్లు రాలేదు.

"ఎటెల్లినారో సెప్పనేదు. కొత్తకోడలుంది," అంటూ గవిరమ్మ లేచింది. జనం ఆపినా ఆగలేదు.

జలపాతం దారిన పోయి "బాబూ!" అని పిలిచింది. ఎవరూ పలకలేదు. గుహ దారిన పోయి "బాబూ!" అని పిలిచింది. ఎవరూ పలకలేదు. జాతర దారిన పోయింది. ఆ కేక కనుమ మీదివాళ్లకి చాలాసేపు వినపడింది. తర్వాత వినపడలేదు.

అప్పటికి నాయుడు ఇంట్లో కూర్చుని వేడివేడి అన్నం తింటున్నాడు.

మూడోనాడు సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చాడు. చీలిక దగ్గర నిలబడి, "వచ్చేసినామమ్మా! అందరం ఇంటికాడే ఉన్నాం!" అని గొంతు పోయేలా అరిచాడు. వినడానికి ఆమె ఏదీ?

ఇప్పుడు కనుమ దాకా బస్సులొస్తున్నాయి. దిగినవాళ్లు ముందు ఎక్కడికి పోతున్నారో గట్టిగా చెబుతారు. అక్కడ మాత్రం అది అపశకునం కాదు. తిరిగొచ్చాక "వచ్చేశాం గవిరమ్మా" అని మూడుసార్లు అంటారు. ఎవరైనా మరిచిపోయి బస్సెక్కితే పెద్దవాళ్లు ఊరుకోరు, దింపేస్తారు.

"చెప్పి రండి. లేకపోతే ముసలిది మీకోసం వెతుకుతూనే ఉంటుంది," అంటారు.