నల్ల సంచి

పరదేశికి చేతులు వణుకుతున్నాయి. టీ గ్లాసు ఇస్తే సగం చొక్కా మీదే పోసుకునేంత వణుకు.

భీమిలి దారిలో కొండవాలున ఉన్న ఒక సినిమా బడిలో అతను కెమెరా విద్యార్థి, మస్తాన్ మాస్టారి శిష్యుడు. లోకమంతా డిజిటల్ అయిపోయినా చివరి పరీక్ష మాత్రం ఫిల్ము మీదే తియ్యాలని మాస్టారి పట్టుదల. కెమెరా చదివేవాళ్ళొకరు, సెట్ల డిజైను చదివేవాళ్ళొకరు జతకట్టాలి. ఒకరు గది కట్టాలి, ఒకరు దాన్ని తియ్యాలి. తప్పితే ఇద్దరూ తప్పినట్టే, ఏడాదంతా మళ్ళీ చదవాలి.

ఫిల్ముకి వెలుతురు తగిలిందా, ఇక అంతే సంగతులు. అందుకే దాన్ని డబ్బాలోంచి తీసి కెమెరాకి తగిలించే మ్యాగజైన్ అనే పెట్టెలోకి ఎక్కించే పని నల్ల సంచిలో జరుగుతుంది. ఆ సంచికి చొక్కాకి ఉన్నట్టే రెండు చేతులుంటాయి. వాటిలోకి మన చేతులు దూర్చి, తడుముకుంటూ పని చెయ్యాలి. ఎక్కించినవాడు డబ్బాకి చుట్టిన టేపు మీద తన పేరు రాయాలి. పొరపాటు ఎవరిదో ఫిల్ము కడిగే ల్యాబువాళ్ళకి తెలియొద్దూ మరి!

మొదటి ఏడాది పరదేశి ఎక్కించిన రోలు ఒకటి పాడైంది. సంచి జిప్పు అంగుళం మేర తెరుచుకుని ఉంటే చూసుకోలేదు. ఆరుగురు పది రోజులు పడ్డ కష్టం తెర మీద ఒట్టి పొగలా కనిపించింది. డబ్బా తిరిగొచ్చినప్పుడు దాని మీద 'ఎక్కించినది: పరదేశి' అని ముత్యాల్లాంటి అక్షరాలు. బడి బడంతా చదివింది. ఆనాటి నుంచి తన కెమెరాని ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వడు, తన పనిలో ఎవర్నీ వేలు పెట్టనివ్వడు. అది జాగ్రత్త అని అతననుకున్నాడు. తలబిరుసని మిగతావాళ్ళు అనుకున్నారు.

అలాంటివాడికి జతగా ఎస్తేరు దొరికింది. బాపట్ల పిల్ల. పద్దెనిమిది రోజులు కూర్చుని ఒక రైల్వే గేటుమన్ గది కట్టింది. చెక్క పలకల మీద పాత కాగితాలు అంటించి, సుద్దపొడీ జిగురూ కలిపి మెత్తి, ముప్పై ఏళ్ళ చెమ్మ పట్టిన గోడల్లా చేసింది. చూసినవాళ్ళు గోడని ముట్టుకుని గానీ నమ్మలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే ఇద్దరికీ గొడవైంది.

"ఈ కుడి గోడ తీసెయ్. కెమెరాకి చోటు చాలట్లేదు."

"తీస్తే మూల పగులుతుంది. పద్దెనిమిది రోజులు మెత్తానయ్యా బాబూ!"

"గోడ పగిలితే మళ్ళీ మెత్తుకోవచ్చు. ఉన్నది ఒక్కటే డబ్బా. అది పోతే నా బతుకు పోతుంది. ఆ భయం నీకేం తెలుసు?"

ఎస్తేరు వెళ్ళి తను కట్టిన గదిలో గోడవైపు తిరిగి కూర్చుంది.

సాయంత్రం ఆరింటికి ఆ గది కట్టిన హాలు ఇంకో జట్టుకి అప్పగించాలి. అంటే గది పడగొట్టెయ్యాలి. ఇప్పుడు మూడయింది. డబ్బా, మ్యాగజైన్ సంచిలో పెట్టి జిప్పులు మూసి, ఒకటికి నాలుగుసార్లు తడిమి చూసుకుని, పరదేశి చేతులు దూర్చాడు. డబ్బా చుట్టూ ఉన్న టేపు ఊడదీయాలి. వేళ్ళు మాట వినడం లేదు. టేపు కొస ఎక్కడుందో కూడా దొరకలేదు.

మాస్టారు పక్కనే స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నారు. నలభై ఏళ్ళ సర్వీసు. మాటలు తక్కువ.

"మాస్టారూ, ఈ ఒక్కసారికి మీరు ఎక్కించండి. నావల్ల కాదు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళతో ఏం పనిరా? ఇక్కడ కావలసింది చేతులు." ఇంకో గుక్క తాగి అడిగారు. "డబ్బా తెరిచావా?"

"లేదు."

"అయితే ఎడం చెయ్యి బయటికి తియ్యి."

పరదేశి తీశాడు. ఇక మాస్టారే ఎక్కిస్తారని ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం గది వైపు తిరిగి, "అమ్మా ఎస్తేరూ, ఇలా రా" అని పిలిచారు.

ఎస్తేరు సుద్ద అంటిన చేతులతో వచ్చింది. మాస్టారు తన చేతిరుమాలిచ్చి తుడుచుకోమన్నారు. "ఆ ఖాళీగా ఉన్నదాంట్లో నీ ఎడం చెయ్యి పెట్టు."

"నేనా? జన్మలో ఎప్పుడూ ముట్టుకోలేదు మాస్టారూ!"

"తెలుసు."

"మాస్టారూ, తనకి రాదు!" పరదేశి గొంతు కీచుమంది.

"నీకొచ్చుగా. చెప్పు." అనేసి ఆయన స్టూలు అటు తిప్పుకుని, ఇద్దరికీ వీపు చూపిస్తూ కూర్చున్నారు.

ఇక చేసేదేముంది! సంచిలో ఒక కుడి చెయ్యి, ఒక ఎడమ చెయ్యి.

"డబ్బా పట్టుకో. గట్టిగా."

"పట్టుకున్నా. నువ్వు చెప్పు."

ఎలా చెప్పాలో పరదేశికి తెలియలేదు. ఈ పని ఎన్నిసార్లో చేశాడు గానీ, మాటల్లో ఎప్పుడూ పెట్టలేదు. ఎస్తేరు తిప్పుతుంటే టేపు కొస అతని గోటికి తగిలింది. లాగాడు. టేపు ఊడింది. మూత లేచింది.

"ఇప్పుడింక ఏం జరిగినా చెయ్యి తియ్యకు. నువ్వు చెయ్యి తీస్తే వెలుతురు దూరుతుంది, అయిపోయాం."

"తియ్యను."

లోపలి నల్ల కాగితం విప్పారు. రోలు బయటికొచ్చింది. పరదేశి నుదుటి మీంచి చెమట జారి ముక్కు చివర వేలాడుతోంది. ఎస్తేరు రెండో చేత్తో చున్నీ కొస పట్టుకుని తుడిచేసింది. "నీ చెమట సంచిలోకి కారితే నా గదేం కాను?"

ఫిల్ము కొసని మ్యాగజైన్ సందులోకి దూరుస్తుండగా జరిగింది. రోలు నడుమ ఉండే ప్లాస్టిక్ చక్రం జారిపోయింది. చుట్ట మధ్యలోంచి ఊడి కిందికి దిగజారడం మొదలైంది. ఆ చల్లటి అంచు మణికట్టుకి తగలగానే పరదేశికి గుండె ఆగినంత పనైంది. చెయ్యి బయటికి లాక్కుని పారిపోదామనిపించింది. నిజంగానే మోచెయ్యి వెనక్కి వచ్చింది.

"కదలకు!" అంది ఎస్తేరు.

ఆమె అరచెయ్యి కిందినుంచి వచ్చి చుట్టకి ఆనింది. నొక్కలేదు, కంగారుపడలేదు. రోజంతా కాగితపు చుట్టలతో పనిచేసే చెయ్యి అది. పళ్ళెంలా పట్టుకుని, మెల్లగా మెల్లగా పైకెత్తి చదును చేసింది. అప్పుడు తగిలాయి పరదేశి వేళ్ళకి ఆమె వేళ్ళు. మంచుగడ్డల్లా ఉన్నాయి. వణుకుతున్నాయి.

"నీకూ భయమేనా?"

"పొద్దున్నించీ. నీ లెన్సు నా గోడలో ప్రతి అతుకూ పట్టేస్తుందని. నువ్వు అడిగావా?"

అతనికి సిగ్గేసింది.

"పట్టుకున్నా. నువ్వు చెప్పు," అంది ఎస్తేరు మళ్ళీ.

చెప్పాడు. చక్రం వెతికి నడుమ పెట్టించాడు. కొస దూర్చాడు, ఆమె అవతలినుంచి అందుకుంది. మ్యాగజైన్ మూత టక్కున పడింది. రెండు చేతులూ బయటికొచ్చేసరికి నాలుగయింది.

మాస్టారు వెనక్కి తిరగకుండానే టేపు ముక్కా పెన్నూ అందించారు. పరదేశి 'ఎక్కించినది' అని రాసి ఆగాడు. పాడైతే ఆ పిల్లని ఎందుకు బజారుకెక్కించడం అనుకుని తన పేరొక్కటే రాశాడు.

ఎస్తేరు పెన్ను లాక్కుంది. "నా చెయ్యేమన్నా అద్దెకిచ్చానా?" అని పక్కనే తన పేరు గీకింది.

తర్వాత పరదేశి గోడ దగ్గరికి వెళ్ళి, అంచు కింద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. "నేను పట్టుకుంటా. ఎటు జరపాలో నువ్వు చెప్పు."

ఎస్తేరు స్క్రూలు విప్పింది. జానెడు జానెడుగా జరిపారు. మూల పగల్లేదు.

అయిదున్నరకి లైట్లు వెలిగాయి. పరదేశి కెమెరాకి కన్ను ఆనించి, "ఇంకా భయంగానే ఉంది మాస్టారూ," అన్నాడు.

"నాకూ ఉందిరా. కెమెరా తిప్పు."

అయిదో రోజు ల్యాబు నుంచి ఫోనొచ్చింది. అప్పటిదాకా ఇద్దరికీ అన్నం సయించలేదు. మాస్టారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని 'ఊఁ' అన్నారు, ఇంకోసారి 'ఊఁ' అన్నారు, ఒక్క మాట చెప్పి పెట్టేశారు. ఫోను పట్టుకున్న ఆయన చెయ్యి కూడా కొద్దిగా వణకడం పరదేశి ఆ రోజే చూశాడు.

"బొమ్మ వచ్చింది," అన్నారు.

ఎస్తేరు నేల మీద కూలబడి ఏడ్చేసింది. పరదేశి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. తర్వాత మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"చివర్న ఏదో చెప్పారు మాస్టారూ?"

"టేపు మీద రెండు పేర్లున్నాయేంటని ల్యాబువాడు అడిగాడు. పరదేశి తెలుసు, ఈ ఎస్తేరు ఎవరూ, కెమెరావాళ్ళ లిస్టులో లేదే అన్నాడు."

"ఏం చెప్పారు?"

"రెండో చెయ్యి అని చెప్పాను."