కాకి ముట్టని కొత్తిమీర

ఇది చాలా చిన్న కథ. అరటిపండు ఒలిచి తినేలోపు అయిపోతుంది. అరటిపండంటే గుర్తొచ్చింది, మా ఊరి చివర ఆశ్రమంలో ఉండే గురువుగారిని ఎవరేం అడిగినా ముందు ఒక పండు చేతిలో పెడతారు. నోరు నిండి ఉంటే రెండో ప్రశ్న రాదని ఆయన నమ్మకం. జవాబు మాత్రం చెప్పరు; ఏదో ఒక పని పురమాయించి పంపేస్తారు. దేవుడు ఒకడా, అనేకులా అని అడిగిన కరణంగారబ్బాయి ఆశ్రమం బావిలో పూడిక తీసి ఇంటికొచ్చాడు. దేవుళ్ళ సంగతి తేలలేదు గానీ నీళ్ళు మాత్రం బాగా ఊరాయి.

అటువంటి గురువుగారి దగ్గరికి కామేశం వెళ్ళి, పండు అందుకుని, తినకుండా వాసన చూశాడు. ఈ మధ్య ఆయన ఎవరేమిచ్చినా వాసన చూస్తున్నాడు. గుమ్మడి పోయిన దగ్గర్నించి అంతే.

గుమ్మడి ఆయన పెంచుకున్న గినీ పంది. కామేశం కాలేజీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరైనప్పుడు అందరూ శాలువా కప్పారు. ఆయన శాలువా అక్కడే మర్చిపోయి, ప్రయోగానికి తెప్పించి మూల పడేసిన ఈ పిల్లని మాత్రం అడిగి తెచ్చుకున్నాడు. పిల్లి కన్నా చిన్నది, ఎలుక కన్నా మర్యాద గలది. తోక లేదు, నుదుటిన తెల్లటి సుడి ఉంది. "మీ ఎలుక కులాసాయేనా?" అని ఎవరైనా అడిగితే, "ఎలుక కాదు, గినీ పంది" అని దిద్దేవాడు. దాంతో కామేశం పందుల్ని పెంచుతున్నాడన్న వార్త పొరుగూరు పాకి, ఒకాయన బేరానికి కూడా వచ్చాడు. ఇంట్లో మరో మనిషి లేడు కనక కామేశం ఆరేళ్ళు దానితోనే మాట్లాడాడు. ఒకరోజు పొద్దున్న అది బోనులో లేవలేదు.

"వయసైపోయిందండీ, వీటి ఆయుష్షే అంత" అన్నాడు పశువుల డాక్టరు. ఇంత తొందరగా చెప్పాడంటే ఇతనికేదో ముందే తెలుసు అనుకున్నాడు కామేశం. ఎడమ పక్కింటి బస్సు కండక్టరు కొండలరావు దాని కీచు అరుపులు భరించలేనని పదిసార్లు అన్నాడు. కాబట్టి అతని మీద అనుమానం. కుడి పక్కింటి భ్రమరాంబ ఒక్కసారి కూడా ఏమీ అనలేదు; కాబట్టి ఆవిడ మీద మరీను.

భ్రమరాంబ ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే పిట్టగోడ మీద ఆయనకి కాఫీ గ్లాసు పెట్టి వెళుతుంది. ఇప్పుడా కాఫీని కామేశం పెరట్లో మందారానికి నీళ్ళకి బదులు పోస్తున్నాడు, చస్తుందేమో చూద్దామని. అది చావలేదు సరికదా, ఎన్నడూ లేనంతగా విరగబూసింది. ఇంతలా పూయాల్సిన అవసరం దీనికేమొచ్చిందని కామేశానికి అదో కొత్త అనుమానం.

"గుమ్మడిని తలుచుకుందామని కళ్ళు మూసుకుంటే దాని మొహం రావడం లేదు గురువుగారూ" అన్నాడు కామేశం. "కొండలరావు మొహం వస్తోంది. భ్రమరాంబ మొహం వస్తోంది. ఉన్న ఒక్క ప్రాణీ పోయింది. జ్ఞాపకం కూడా పోతే నాకింకేం మిగులుతుంది?"

గురువుగారు తాను తిన్న పండు తొక్క పక్కన పెట్టారు. "దినం పెట్టు. అనుమానం ఉన్నవాళ్ళనే పిలువు. దానికి ఇష్టమైనది విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా ఒక్కర్నీ లేవనివ్వకు."

పురోహితుడు గుమ్మడి గోత్రం అడిగి తప్పించుకున్నాడు. పక్కింటివాళ్ళిద్దరూ మాత్రం వచ్చారు, రాకపోతే ఏమనుకుంటాడోనని. గుమ్మడికి కొత్తిమీరంటే ప్రాణం. కామేశం లేత కట్ట ఒకటి విస్తట్లో పెట్టి పెరటిగోడ మీద ఉంచాడు. కాకులు వచ్చాయి. కొత్తిమీరని చూశాయి, కామేశాన్ని చూశాయి, వెళ్ళిపోయాయి.

కాకి ముట్టలేదంటే పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిపోయినట్టు. బతికున్నవాళ్ళు అదేమిటో పైకి చెప్పి దణ్ణం పెట్టుకోవాలి. ముగ్గురూ ఒకర్నొకరు ఓరగా చూసుకున్నారు.

ఎండెక్కాక కొండలరావు చేతులు జోడించాడు. "ఒప్పుకుంటాను తల్లీ, నిన్ను తిట్టేవాణ్ణి. కానీ నీ అరుపుకే లేచి మొదటి బస్సు అందుకునేవాణ్ణి. నువ్వు పోయాక రోజూ డిపోలో చీవాట్లే. చాలా? ఇంక కాకిని పంపు."

కాకి రాలేదు.

"అన్నయ్యగారూ, నాదీ ఒకటుంది" అంది భ్రమరాంబ. దొరికిందనుకుని కామేశం నిటారుగా కూర్చున్నాడు. "నేను కాఫీ పెట్టడానికొస్తే నా గాజుల చప్పుడుకే అరిచేది. మీరు లేవకముందు, గోడ పక్కనే ఉన్న బోనులోకి తోటకూర కాడ ఇచ్చేదాన్ని."

"తోటకూరా? నేనిస్తే ముట్టేది కాదే!"

"మీరు ముదరకాడలు పెడితే ఎలా తింటుంది? నేను లేతవి ఏరేదాన్ని. కమ్మీల్లోంచి మూతి పెట్టి, సుడి కనబడేలా తల వంచి నమిలేది. ఆ పొద్దున్న గాజులు మోగించాను, అరవలేదు. మళ్ళీ మోగించాను. మీకన్నా ముందు నాకే తెలిసింది అన్నయ్యగారూ. చెప్పడానికి నోరు రాక గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయాను."

కాకి రాలేదు కనక ఎవరూ లేవడానికి లేదు. చెప్పిందే మళ్ళీ చెప్పుకున్నారు. దీపాలు పెట్టే వేళకి గుమ్మడి తుమ్మిన తీరు మీద కామేశానికీ కొండలరావుకీ చిన్న తగాదా కూడా అయింది. ఇక చీకట్లో కాకి రాదని అందరూ లేచి వెళ్ళాక, పొద్దుటి నుంచీ పిట్టగోడ మీదే ఉన్న గ్లాసు కామేశం కంటబడింది. కాఫీ చల్లారి మీగడ కట్టింది. తాగేశాడు. ఏమీ కాలేదు.

మర్నాడు పొద్దున్న పిట్టగోడ మీద గాజుల చప్పుడయింది. పక్క మీద ఉన్న కామేశానికి, తోటకూర కాడ నములుతూ తల వంచిన గుమ్మడి మొహం సుడితో సహా కనిపించింది.

నెల రోజులు పొద్దుటి కాఫీ తానే తాగి, మళ్ళీ ఆశ్రమానికి వెళ్ళాడు. ఈసారి పండు వాసన చూడకుండా తిన్నాడు.

"మొహం వస్తోందండీ. కానీ కాకి మాత్రం ముట్టలేదు."

"కొత్తిమీరని కాకి ముడుతుందటయ్యా ఎక్కడైనా?" అన్నారు గురువుగారు.

కామేశం ఆయన వంక చాలాసేపు అనుమానంగా చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. మందారం ఎండిపోయింది. మొదలుదాకా ఎండిపోయింది. ఎవరో ఏదో పోసి ఉంటారు.

"పోసినవాళ్ళని కాదు" అన్నారు గురువుగారు, ఇంకో పండు అందిస్తూ. "పొయ్యడం మానేసినవాణ్ణి వెతుకు."