సూదులు వాలిన వైపు

దస్తగిరి విసిగిపోయాడు. నిజానికి విసుగు కూడా కాదు, అది దాటి చాలా రోజులైంది. కోపం తెచ్చుకోవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా, అదీ లేదు. చెడిపోయిన సర్క్యూట్ బోర్డులన్నీ గుడ్డసంచిలో వేసుకెళ్లి ఉస్తాద్ కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఈ పని నాకు రాదు ఉస్తాద్. మానుకుంటా. సెలవియ్యండి."

ఉస్తాద్ అంటే అతని గురువు లాల్‌సా. నంద్యాలలో రేడియోలు, మైకుసెట్లు బాగుచేస్తాడు. దర్గాలో ఫాతిహా ప్రార్థన చదివేదీ ఆయనే. ఆయన దగ్గర కొందరు పని నేర్చుకున్నారు, కొందరు దైవస్మరణ నేర్చుకున్నారు. దస్తగిరి రెండూ నేర్చుకున్నాడు. ఇంట్లోనే సర్క్యూట్ బోర్డులు చేయడంలో చేయి తిరిగినవాడని ఊళ్లో పేరు కూడా ఉంది. కాకపోతే ఆ పేరంతా ఒకవైపు బోర్డులతో వచ్చిందే. రెండువైపులా రాగి గీతలుండే బోర్డు జోలికి అతను పోలేదు, పోవాల్సిన అవసరమూ రాలేదు.

ఇప్పుడు వచ్చింది. అతని భార్య కాశింబీకి పక్షవాతంతో మాట పడిపోయింది. గొంతులోంచి సన్నటి మూలుగు తప్ప ఏమీ రాదు. చేతుల్లో కుడి బొటనవేలొక్కటే కదులుతుంది, అదీ కాస్తంత. బజార్లో దొరికే పిలుపుగంటల మీట గట్టిది, ఆ వేలికి లొంగదు. తాకితే చాలు మోగే గంట, ఆమె గుప్పిట్లో పట్టేంత చిన్నది, తనే చేసి పెడదామనుకున్నాడు. అంత చిన్న బోర్డు మీద గీతలన్నీ ఒకవైపే పట్టవు, అందుకని రెండోవైపూ వాడక తప్పలేదు.

తంటా అంతా అక్కడే. కాగితం మీది గీతల్ని రెండువైపులా ఇస్త్రీపెట్టెతో అచ్చు దించేవాడు. మందునీళ్లలో వేసి అక్కర్లేని రాగిని కరిగించేవాడు. అంతవరకూ వంక పెట్టడానికి లేదు. తీరా రెండువైపుల గీతల్నీ కలపడానికి డ్రిల్లుతో బెజ్జం వేస్తే, పైన రాగి చుక్క నడిమధ్యలో దిగినది కిందవైపు వెంట్రుకవాసి పక్కకి తేలి ఇంకో గీతను తెంపేసేది. మళ్లీ మొదటికొచ్చేవాడు, మళ్లీ అంతే అయ్యేది. ఈ పని ఒక్కటేనా? వంట చేయాలి, ఆమెకు ఒళ్లు తుడవాలి, పక్కగుడ్డలు ఉతకాలి. మందునీళ్ల మరకలు అతని వేళ్లకు పట్టి ఎంత తోమినా పోవడం మానేశాయి.

ఉస్తాద్ సంచి విప్పలేదు. సెలవూ ఇవ్వలేదు. సంచి తీసుకుని పద, మీ ఇంటికి పోదాం అన్నాడు.

ఇంటికి వెళ్లగానే ఆయన లోపలిగదిలోకి పోయి, కాశింబీ తల మీద చెయ్యి పెట్టి, ఏదో చదివి ఊది, ఎట్లున్నావమ్మా అని అడిగాడు. ఆమె బొటనవేలు కదిపింది. తర్వాత వసారాలోకి వచ్చి, పని చేసేటప్పుడు ఎట్లా కూర్చుంటాడో అట్లాగే కూర్చోమని దస్తగిరికి చెప్పాడు. బల్ల గోడకు ఆనించి ఉంది. లోపలిగది తలుపు దస్తగిరి ఎడమ భుజం పక్కన పడుతుంది.

ఇంట్లో సూదులున్నాయా అని అడిగాడు ఉస్తాద్. కాశింబీ రవికెలు కుట్టే రోజుల నాటి డబ్బా దొరికింది. బల్ల మీద థర్మోకోల్ అట్ట వేయించి, సంచిలోని బోర్డుల్లో డ్రిల్లు పెట్టినప్పుడు ఏ బోర్డు ఎట్లా ఉండేదో అట్లాగే వరసగా పేర్పించాడు. ఒక్కో బోర్డు బెజ్జంలో బిగుతుగా పట్టే సూదిని ఒక్కోటి దించాడు.

సూదులన్నీ నిలబడ్డాయి గానీ ఒక్కటీ నిటారుగా లేదు. అన్నీ ఒకే పక్కకి, ఒకే తీరుగా వాలి ఉన్నాయి.

దస్తగిరికి తల కొట్టేసినట్టయింది. పని చెడగొట్టుకున్నది చాలక ఇప్పుడు సాక్ష్యం కూడానా అనుకున్నాడు.

"నా చెయ్యే వంకర ఉస్తాద్."

ఉస్తాద్ సూదులు వాలిన వైపే చూస్తూ ఉండిపోయాడు. దస్తగిరి కూడా అటే చూశాడు. తలుపు, దాని వెనక మంచం, మంచం మీద కాశింబీ పాదాలు కనబడ్డాయి.

ఉస్తాద్ తన అరచెయ్యి తెచ్చి అతని ఎడమ భుజం మీద వేశాడు. ఆ భుజం కుంగి ఉంది. మెడ కూడా చెవి తలుపుకు దగ్గరయ్యేలా అటే ఒరిగి ఉంది. ఎప్పుడు ఒరిగిందో దస్తగిరికే తెలీదు.

"ఎన్నాళ్ల నుంచి వింటున్నావురా ఇట్లా?"

దస్తగిరి చెప్పబోయాడు. డ్రిల్లు మోతలో ఆమె మూలుగు వినబడదేమోనని భయం అన్నంతవరకే చెప్పగలిగాడు. తర్వాత ఏడుపొచ్చేసింది. ఉస్తాద్ ఆపమనలేదు. కాసేపు చూసి, బల్ల అవతలి కొస పట్టుకున్నాడు.

"ఆ పక్క నువ్వు ఎత్తు."

ఇద్దరూ బల్లను లోపలిగదిలోకి మోసి, మంచం ముందు, కిటికీ వెలుగు పడేచోట వేశారు. తలెత్తితే కాశింబీ ముఖం ఎదురుగా ఉంటుంది.

చెడిపోతుందన్న భయంతో బెజ్జాలు వేయకుండా దాచిన బోర్డొకటి మిగిలి ఉంది. దస్తగిరి దాన్ని తీశాడు. ఒకసారి తలెత్తి కాశింబీని చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది. డ్రిల్లు దించి, బోర్డు తిరగేశాడు. బెజ్జం కిందవైపూ చుక్క నడిమధ్యలోనే ఉంది. సూది దించితే నిటారుగా నిలబడింది.

దస్తగిరి సంబరపడలేదు, అంత శక్తి లేదు. బోర్డు ఒళ్లో పెట్టుకుని మంచం పట్టె మీద తల ఆనించాడు.

బయట సాయంత్రపు అసర్ నమాజుకు పిలుపు మొదలైంది. ఉస్తాద్ టోపీ సర్దుకుని లేచాడు.

"కాశింబీ, సెలవు నాకియ్యమ్మా. వీడు అడిగినాడు గానీ నేనియ్యలేదు."

ఆమె బొటనవేలు కదిలింది.