కొట్టు గడప మీద దీపం

అనగా అనగా, రాజుగారి పట్నానికి తెల్లారగట్ట ఎడ్లబండి కడితే ఎండెక్కేసరికి చేరేంత దూరంలో జొన్నలమెట్ట అని ఓ ఊరుండేది. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ కిరాణా కొట్టు నడిపేది. మొగుడు పోయాక ఆ కొట్టుతోనే కొడుకుని పెంచి పెద్దచేసింది. కోడలు తిరపతమ్మకీ కొట్టంటే ప్రాణం. పుట్టింట్లో నోరెత్తని పిల్ల, ఇక్కడ తక్కెడ పట్టుకున్నాకే నలుగురితో మాట్లాడటం నేర్చుకుంది. ఊఁ కొట్టండర్రా, మీరు కొట్టకపోతే నాకు నిద్రొస్తుంది.

రాజుగారు పట్నంలో కోట కట్టిస్తున్నారు. కూలి బాగా ఇస్తున్నారని ఊళ్ళో ఆడా మగా అంతా చీకటితో బండ్లెక్కి పోవడం, దీపాలవేళకి తిరిగి రావడం. తిరపతమ్మ మొగుడు వీరాస్వామీ అంతే. ఊరి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయంటే కొట్టు కళకళలాడాలి కదా? కళకళ మాట దేవుడెరుగు, అత్తా కోడలూ ఈగలు తోలుకుంటున్నారు. జనం సరుకులన్నీ పట్నంలోనే కొనుక్కొస్తున్నారు మరి.

కొట్లో బేరం లేక గానుగాయన దగ్గర నూనె తీసుకోలేదు. నూనె పోక గానుగ ఆగింది. గానుగ ఆగి నువ్వుల రైతు దిగాలు పడ్డాడు. రైతు చేతిలో డబ్బాడక కుమ్మరి దగ్గర కుండ కొనలేదు. కుండ పోక కుమ్మరీ పట్నం బండెక్కాడు. ఎక్కినవాడు వస్తూ వస్తూ అక్కడే ఉప్పు కొన్నాడు. చూశారా, తిరిగి తిరిగి మళ్ళీ నాంచారమ్మ గుమ్మంలోకే వచ్చింది.

ఇక లాభం లేదు, దసరా వెళ్ళగానే కొట్టు ఎత్తేద్దాం అంది నాంచారమ్మ. తిరపతమ్మకి అన్నం సహించలేదు. ఆ సాయంత్రం మొగుడి మూట విప్పితే అందులో ఏముందనుకున్నారు? పట్నం ఉప్పు. కొట్టున్న ఇంటికి ఉప్పు కొనుక్కొస్తావా, సిగ్గు లేదా అని దులిపేసింది. పాపం ఆయన నెమ్మదిగా, మొన్న ఇంట్లో ఉప్పు నిండుకుంటే కొట్లోంచి తెస్తానన్నాను, దీపం పెట్టాక ఉప్పు తియ్యకూడదని అమ్మ తాళం ఇవ్వలేదు, ఊరంతా దిగేది ఆ వేళకే కదా, ఇంకెక్కడ కొంటారు అన్నాడు.

అదీ సంగతి. దీపాలు పెట్టాక ఉప్పూ, నూనే, సూదీ చెయ్యి దాటితే లక్ష్మి వెళ్ళిపోతుందని మనవాళ్ళ ఆచారం. మా అత్తగారూ అంతే, ఆ వేళ పొరుగమ్మ తోడుకి చుక్క మజ్జిగ అడిగినా పోసేది కాదు.

మర్నాడు పొద్దువాలగానే నాంచారమ్మ కొట్టుకి తాళం వేసి, ఇంట్లో దీపం పెట్టి, వీధి తలుపు బార్లా తీసింది.

"అత్తయ్యా, ఈ వేళప్పుడు ఇంటి తలుపు ఎందుకు తీసిపెడతాం?" అంది తిరపతమ్మ.

"లక్ష్మీదేవి వచ్చే వేళ కదుటే."

"అదుగో, బండ్లు దిగి వస్తోంది. మనం కొట్టు తలుపు వేసుకున్నాం."

నాంచారమ్మ వీధిలోకి చూసింది. కాళ్ళకి సున్నం, చంకలో పట్నం మూటలు, ఊరు ఊరంతా తన కొట్టు దాటి పోతోంది. మరి ఆచారమో అంది చివరికి. ఆచారం ఎక్కడికీ పోదు అత్తయ్యా, ఎవరికేం కావాలో పొద్దున బండెక్కేటప్పుడే అడిగి పెట్టుకుందాం, వెలుగుండగానే కొలిచి పొట్లాలు కట్టేద్దాం, దీపం పెట్టేసరికి ఆ ఉప్పు వాళ్ళదే, దాచింది అందించడమేగా అంది కోడలు.

నాంచారమ్మ సరేనని మర్నాడు చీకటితోనే బండ్ల దగ్గరికెళ్ళి ఎవరికేం కావాలో అడిగింది. సాయంత్రం మొదట కుమ్మరి వచ్చాడు. తర్వాత ఇద్దరు ముగ్గురు, తర్వాత వీధి వీధంతా. ఎవరికి మాత్రం అంతదూరం ఉప్పు మొయ్యాలనుంటుంది? కొట్టు కదిలితే గానుగ కదిలింది, గానుగ కదిలితే రైతు నవ్వాడు, రైతు కుండ కొన్నాడు, కుమ్మరి పట్నం మానేసి మళ్ళీ సారె తిప్పాడు. దసరా వచ్చింది, వెళ్ళింది, కొట్టు ఎత్తేసే మాట ఎవరూ ఎత్తలేదు.

ఎక్కడ సంపాదించినా పిడికెడు మన ఊళ్ళో ఖర్చవ్వాలర్రా. కానీ అలిసొచ్చినవాడికి మనమూ తలుపు తీసుంచాలి. ఆనాటి నుంచి నాంచారమ్మ సంధ్యదీపం కొట్టు గడప మీదే పెట్టేది. దుమ్ము కాళ్ళతో ఎవరొచ్చినా, "రా తల్లీ, నీ కోసమే చూస్తున్నా" అనేది.

కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.