దానమ్మ కొట్టేయించిన మాట

ఎవరైనా ఇంగ్లీషు మాటకు అర్థం అడిగితే జగన్నాయకులు మాస్టారు నిఘంటువు తీసేవారు కాదు. ఆ మాట తనకు ఎవరి దగ్గర తెలిసివచ్చిందో చెప్పేవారు.

ఒకనాడు శిష్యురాలు హైమవతి, ‘విష్’ అన్నా ‘హోప్’ అన్నా కోరుకోవడమే కదా, రెండు మాటలెందుకని అడిగింది. మాస్టారు చేతిలోని సుద్దముక్క బల్లమీద పెట్టి దానమ్మ సంగతి చెప్పారు.

ఆయన సముద్రపు ఒడ్డు పల్లెలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. గాలివానకు పోలయ్య అనే జాలరి పడవతో సహా కొట్టుకుపోయాడు. నలభై రోజులైనా జాడ లేదు. పొరుగు దేశపు రేవులో ఎవరినో ఒడ్డుకు చేర్చారని మాట వినవచ్చింది. అక్కడి అధికారికి ఉత్తరం రాసిపెట్టమని పోలయ్య భార్య దానమ్మ మాస్టారి దగ్గరకు వచ్చింది. అప్పటికే ఊళ్లోవాళ్లు ఆమెను గాజులు తీసేయమంటున్నారు. ఆమె తీయలేదు.

పోలయ్య పోయాడనే మాస్టారూ లోలోపల అనుకున్నారు. ఆ మనసుతోనే ‘విష్’ అనే మాట పెట్టి, నా భర్త బతికి ఉంటే బాగుండునని రాశారు. ఆనవాళ్లేవైనా దొరికితే పంపమని చివర కలిపారు. ఏం రాశారో చెప్పమని ఆమె అడిగితే, తెలుగులో చదివి వినిపించారు.

దానమ్మ ఏడవలేదు. “ఉంటే బాగుణ్ణంటే, ఆడు లేడనే గదా బాబూ,” అంది నెమ్మదిగా. “ఆ మాట కొట్టీండి. ఉన్నాడనుకుని రాయండి.”

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఇంకో కాగితం తీసి ‘హోప్’ అనే మాటతో మొదలుపెట్టారు. తన భర్త అక్కడ బతికే ఉంటాడని ఆశపడుతున్నాననీ, ఎడమ కనుబొమ మీద గాటు, కుడిచేతిమీద చేప పచ్చబొట్టు చూసి పోల్చుకోమనీ ఆమె తరఫున రాశారు. ఉత్తరం అందుకున్న అధికారి చనిపోయినవాళ్ల జాబితా తిరగేయలేదు, ఆసుపత్రికి మనిషిని పంపాడు. అక్కడ కాలు విరిగి, తన భాష తెలిసినవాళ్లు లేక మంచంమీద పడివున్న పోలయ్య దొరికాడు. మూడు నెలలకు ఇల్లు చేరాడు.

అంత చదివీ తనకు తెలియని తేడా, అక్షరం రాని ఆ మనిషి చెప్పిందన్నారు మాస్టారు.

ఒకవేళ పోలయ్య తిరిగి రాకపోయి ఉంటే, ఆమె రాయించిన మాట తప్పయ్యేదా అని హైమవతి అడిగింది.

“అతను వచ్చింది మూడు నెలలకమ్మా,” అన్నారు మాస్టారు. “దానమ్మకు నేను దణ్ణం పెట్టింది ఉత్తరం రాసిన రోజునే.”