చూరు లేని ఇంటి చుక్క

అనగనగా అంటే నిన్నా మొన్నా అనుకునేరు, సముద్రం ఊరికి ఇంకా ఇంత దగ్గరగా జరగనప్పటి మాట. ఉప్పుటేరు పక్క పేటలో దీవెనమ్మ అనే ముసలామె చేటలు అల్లుకుని బతికేది.

ఒక ఏడు క్రిస్మస్‌కి పది రోజుల ముందు గాలివాన కొట్టింది. పేటలో ఒక్క పాకకీ కప్పు మిగల్లేదు. పొరుగింటి సలోమి మొగుణ్ణి సముద్రం మింగేసింది. ఆ గాలిలోనే సలోమికి ఆడపిల్ల పుట్టింది. దీవెనమ్మ ఆ పిల్లను ఆచారం ప్రకారం చేటలో పడుకోబెట్టింది.

"పుడుతూనే ఊరిని ముంచింది" అన్నారు పెద్దవీధివాళ్లు. పసిగుడ్డు ఊరిని ముంచుతుందా? అవి నోళ్లా, తూములా? కానీ సలోమి ఆ మాట నమ్మేసింది. పిల్లను ముట్టుకోలేదు. పేట తల్లులే పూటకొకరు పాలిచ్చారు.

ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. పండగ నెలలో పుట్టిన బిడ్డకు పేరు పెట్టేది, పండగ ముందు సాయంత్రం పాడుకుంటూ వచ్చే పాటల జట్టు. జట్టు ఆగేది చూరుకి క్రిస్మస్ చుక్క కట్టిన ఇంటి ముందే. చుక్కలకు రంగు కాగితం ఇచ్చేది సంఘపెద్ద.

పేరొస్తే తల్లి మనసు కరుగుతుందని దీవెనమ్మ వెళ్లి కాగితం అడిగింది.

"చూరు లేని ఇంటికి చుక్కెందుకమ్మా?" అన్నాడు పెద్ద. దీవెనమ్మ వెనక్కి వచ్చేసింది.

మర్నాడు మళ్లీ వెళ్లింది.

"చూరు లేని ఇంటికి చుక్కెందుకమ్మా?" అన్నాడు, అరుగు కూడా దిగకుండా. మళ్లీ వెనక్కి వచ్చేసింది.

మూడోనాడూ వెళ్లింది. మూడోనాడూ అదే మాట. ఈసారి ఒళ్లు మండింది.

"పశువుల పాకలో పుట్టినాయనకి ఏ పెంకుటిల్లుందయ్యా? ఆయన చుక్కని ఏ చూరుకి కట్టారు? ఆయన పండగ చేసుకుంటా, ఆయన్లా పుట్టిన బిడ్డని కాదంటారా?"

పెద్ద తలుపేసుకున్నాడు.

దీవెనమ్మకు మిగిలినవి మూడే చేటలు. ఒకదాంట్లో పిల్ల ఉంది. మిగతా రెండూ విప్పి, ఆ బద్దలతో చుక్క కట్టింది. పెళ్లినాటి ఎర్రచీర చింపి చుట్టూ తొడిగింది. లోపల కొబ్బరిచిప్పలో దీపం పెట్టింది. మరి కట్టేదెక్కడ? చూరు పోయింది గానీ, సలోమి పాక నడుమ కప్పుని మోసిన గుంజ, నిట్రాడు, అలాగే నిలబడి ఉంది. పేటవాళ్లు ఆమెను భుజాలకెత్తారు. దాని కొసకే కట్టేసింది.

సాయంత్రం జట్టు పెద్దవీధిలో పాడుతుంటే ఏటివైపు ఎర్రగా వెలుగు కనిపించింది. డప్పు వాయించే ఏసోబు అటు తిరిగాడు.

"అది చుక్క కాదు, పదండి" అన్నాడు జట్టు ముందు నడుస్తున్న పెద్ద.

"చుక్క కనబడితే ఆగాలన్నది మీరేగా అయ్యగారూ" అన్నాడు ఏసోబు. జట్టంతా అతని వెంట నడిచింది.

నిట్రాడు చుట్టూ నిలబడి పాడారు. "తల్లే బిడ్డని తేవాలి" అన్నాడు ఏసోబు. సలోమి తలెత్తి నిట్రాడు కొసన చుక్కని చూసింది. తర్వాత లేచి తనే చేట ఎత్తుకొచ్చింది. చుక్కమ్మ అని పేరు పెట్టారు. పిల్ల ఆకలికి ఏడిచింది. సలోమి రొమ్ముకు అదుముకుని తనూ ఏడిచింది.

ఏళ్లు గడిచి దీవెనమ్మ పోయింది. సమాధి మీద రాయి లేదు, ఆ నిట్రాడే పాతారు. నేటికీ ఆ ఊళ్లో మేడలున్నవాళ్లు కూడా వాకిట్లో గుంజ పాతి దానికే చుక్క కడతారు. ఎవరైనా అంతా పోయిందని కూలబడితే, "చూరు పోతే నిట్రాడు లేదా?" అని లేవదీస్తారు.

ఆ సంఘపెద్ద పేరా? ఊళ్లో ఎవరినడిగినా తెలియదంటారు. అంత పెద్దమనిషికి పేరెందుకులెండి.