అడిగితే గుప్పెడు

ఒక ప్రశ్న అడుగుతాను. తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి, అందరూ ఒక్కసారే అరవకండి. మన పెరట్లో గోగు వరస, అదే గోంగూర, ఉంది కదా. మీ అమ్మ రోజు విడిచి రోజు ఆకు కోస్తుంది. కానీ గోడ వారనున్న చివరి మొక్కను మాత్రం ముట్టుకోదు. ఎందుకు?

పురుగు పట్టిందా? లేదు. ముళ్ళున్నాయా? గోగు కాడకు ఎక్కడైనా నూగుముళ్ళు ఉంటాయి. విత్తనానికి వదిలిందా? అది కొంచెం దగ్గరికొచ్చింది, కూర్చో. మిగతాది నేను చెబుతాను. తలా ఒక కట్ట తీసుకుని ఆకు ఒలవండి. చేతులకు పనుంటేనే మీరు కదలకుండా వింటారు.

అనగనగా. ఎప్పుడని అడగకండి, మా అమ్మమ్మ కూడా వాళ్ళ అమ్మమ్మ నోట విన్నదే. పాలెగాళ్ళ రోజులు. పాలెగాడంటే ఎవరు? నాలుగూళ్ళ మీద పెత్తనం చేసే దొర. ఒక మట్టికోట, ఒక గుర్రం, కొందరు బంట్లు ఉంటే చాలు, తాను పలికిందే న్యాయం.

ఆ పాలెగాడి కింద ఒక పల్లె. పల్లె చివర ఒక కుమ్మరి ఇల్లు. ఆ ఇంట్లో ఓబక్క, ఆమె మొగుడు తిమ్మయ్య. పిల్లలు లేరు. తిమ్మయ్య సారె తిప్పి కుండలు చేసేవాడు. ఓబక్క ఆము పేర్చి కాల్చేది. ఆమంటే కుండలు కాల్చే బట్టీ. చుట్టూ పిడకలు, గడ్డి పేర్చి నిప్పు పెడితే ఊరంతా పొగ.

ఒకనాడు తిమ్మయ్య మట్టి తవ్వుతుంటే గుంత గట్టు విరిగి నడుం మీద పడింది. ప్రాణం దక్కింది. నడుం దక్కలేదు. మంచం మీద పడుకుని పగలంతా మూలుగు, రాత్రంతా మూలుగు. నిద్ర అన్నది ఆ ఇంటి గడప తొక్కడం మానేసింది.

ఓబక్క పెరట్లో మూడు గంజాయి మొక్కలు వేసింది.

అట్లా చూడకండి. ఈ రోజుల్లో ఆ మొక్క పెంచితే నేరం. తలకెక్కితే మనిషిని చెడగొడుతుంది, అదీ నిజమే. కానీ ఆ రోజుల్లో ఎద్దుకు కడుపుబ్బినా, మనిషికి నొప్పి ఓర్చుకోలేకపోయినా ఆకు నూరి గోరంత పెట్టేవాళ్ళు. ఓబక్క పాలలో కలిపి గోరంత పెట్టింది. తిమ్మయ్యకు నిద్ర పట్టింది. ఆమెకు కావలసింది అంతే.

అప్పుడు కరువొచ్చింది. మొదటి ఏడు వాన ఆలస్యమైంది. రెండో ఏడు చినుకులతో సరిపెట్టింది. మూడో ఏడు మొహమే చూపలేదు. ఎండాకాలం వచ్చేసరికి వంకలో ఇసక, చెరువులో నెర్రెలు, ఊరబావి అడుగున మట్టినీళ్ళు. చెట్టూ చేమా మాడిపోయాయి. ఓబక్క మూడు మొక్కలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఎట్లా?

ఆములోంచి తీసిన కుండల్లో కొన్ని సరిగా కాలవు. నీళ్ళు పోస్తే ఒళ్ళంతా చెమర్చి కారిపోతాయి. వాటిని ఎవరూ కొనరు, కుమ్మరులు పగలగొట్టి పారేస్తారు. ఓబక్క పారేయలేదు. మొక్క పక్కన గుంత తీసి, కారే కుండను మెడ దాకా పూడ్చింది. కొర్రలు కడిగిన నీళ్ళు చెంబెడు అందులో పోసి, పైన పెంకు మూసింది. నేల మీద పోస్తే ఆ నీళ్ళు ఎండ తాగుతుంది. కుండలో పోస్తే వేరు తాగుతుంది. అదీ సంగతి.

పక్కింట్లో గంగులమ్మ ఉండేది. మనిషి చిన్నది, నోరు పెద్దది. గోడ మీద గడ్డం పెట్టి మొదలుపెట్టింది.

"ఏమ్మే ఓబక్కా! నా బర్రె నాలుకెండి కట్టుకొయ్య నాకుతోంది. నువ్వు మత్తాకుకు నీళ్ళు తాపుతాండావా? సిగ్గనిపించలేదా?"

"కొర్రలు కడిగిన నీళ్ళు గంగులూ. నీ బర్రెకు కావాలంటే పట్టకపో."

"నా బర్రె నీ కడుగునీళ్ళు తాగుతుందా! దాని అమ్మ కూడా తాగదు."

"అయితే నా మొక్క తాగుతుంది. దానికి అంత పొగరు లేదులే."

రోజూ ఇదే తగాదా. తగాదా లేని రోజు ఇద్దరికీ తోచేది కాదు.

ఇంతలో కోటలో ఏమైంది? పాలెగాడికి రోజూ సాయంత్రం గంజాయాకు పాలలో నూరి లోటాడు తాగే అలవాటు. కోటతోటలో అందుకోసం ఒక మడి ఉండేది. ఎడ్లు కట్టి మోట తోలి పారించేవాళ్ళు. మోటబావిని ఎండ తాగేసింది. మడి మాడిపోయింది. సాయంత్రం లోటా రాలేదు. పాలెగాడు గుర్రాన్ని తిట్టాడు, గోడను తిట్టాడు, చివరికి తన మనిషి మీసాల రంగప్పను తిట్టాడు. రంగప్ప ఊళ్ళు గాలించి వచ్చి, "దొరా, పచ్చటి మొక్కలు ఒకే ఒక్క పెరట్లో ఉన్నాయి" అన్నాడు.

మొదటిసారి రంగప్ప వచ్చాడు.

"ఏయ్ కుమ్మరిదానా! నేల దొరది. నేలలో మొలిచింది దొరది. మొక్కలు పీకి కోటకు తెమ్మన్నారు."

ఓబక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. "దొరకు ఆకు కావాల్నా? అడిగితే గుప్పెడిస్తా. పీకితే పుల్ల కూడా ఇయ్యను."

"దొర నిన్ను అడగాల్నా?"

"ఏం, నోరు లేదా?"

రంగప్ప మీసం వణికింది. బయటికొచ్చి ఊరందరికీ వినబడేట్టు అరిచాడు. "ఈ పొద్దు నుంచి ఈమెకు ఊరబావిలో చుక్క నీళ్ళు లేవు. ఎవరన్నా తోడి ఇస్తే వాళ్ళకూ బావి లేదు!" బావి దగ్గర ఒక బంటును కాపలా పెట్టి పోయాడు.

ఆ మాట విని ముందుగా ఎవరు లేచారనుకున్నారు? గంగులమ్మ.

"నేను తిడతా. పక్కింటిదాన్ని, నాకు హక్కుంది. ఈ మీసాలోడెవడు తిట్టేకి?"

మర్నాడు పొద్దున గంగులమ్మ బావి నుంచి బిందె నెత్తిన పెట్టుకుని వస్తోంది. సరిగ్గా ఓబక్క గడప ముందుకు రాగానే కాలు జారింది. బిందె ఒలికింది. అక్కడ ఒక కుండ నోరు తెరుచుకుని ఉంది. "అయ్యో, ఒలికె గదమ్మా!" అని ముందుకు పోయింది. ఆమె వెనక ఇంకొకామె కాలు జారింది. ఆమె వెనక ఇంకొకామె. ఒక్కొక్కరూ దోసెడు ఒలికించి పోయారు.

కాపలా బంటు చూశాడు. "ఏమ్మే, మీకందరికీ దినామూ అక్కడే జారుతుందా కాలు?"

"నేల నెర్రెలిచ్చింది నాయనా," అంది గంగులమ్మ. "వచ్చి పూడ్చిపో, పుణ్యముంటుంది."

తిమ్మయ్యకు ఆ రోజూ నిద్ర పట్టింది.

రెండోసారి రంగప్ప బంట్లతో వచ్చాడు. ఈసారి అడగలేదు. నేరుగా ఇంటి ముందున్న కంచె దగ్గరికి పోయారు.

ఇక్కడ ఆగండి. చెయ్యి చాచి వేళ్ళు విడదీయండి. ముదిరిన గోగాకు అట్లా ఉంటుంది. గంజాయాకూ అట్లాగే ఉంటుంది. ఊళ్ళో పసిపిల్లను అడిగినా ఏది ఏదో చెబుతుంది. కోటలో తిని కూర్చునే బంట్లకు తెలియదు. వాళ్ళకు గోగంటే విస్తట్లో పచ్చడి. గంజాయంటే లోటాలో పాలు. మొక్కను ఎప్పుడు చూశారని? ఓబక్క కంచె వెంట, గిన్నెలు కడిగి పారబోసిన నీళ్ళకు బతికిన గోగు ఉంది. వెనక పెరట్లో గంజాయి ఉంది. బంట్లు కంచె వెంట ఉన్నదంతా పీకి మోపు కట్టారు.

ఓబక్క గుమ్మంలో నిలబడి అదే మాట అంది. "అడిగితే గుప్పెడిస్తా. పీకితే పుల్ల కూడా ఇయ్యను."

"పీకినాం కదే! ఏం చేస్తావు?" అన్నాడు రంగప్ప.

గంగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకుని రంగప్ప మీసం దువ్వుకుంటూ పోయాడు.

సాయంత్రం కోటలో ఆకు నూరి పాలలో కలిపారు. పాలు విరిగాయి. "కరువు పాలు గదా, అంతే" అన్నాడు వంటవాడు. పాలెగాడు కళ్ళు మూసుకుని గటగటా తాగాడు. ముందు ఒక కన్ను ముడుచుకుంది. తర్వాత రెండో కన్ను ముడుచుకుంది. తర్వాత మొహమంతా ఎండిన నిమ్మకాయైంది.

"రంగప్పా! ఇది పచ్చడి రా!"

నవ్వింది చాలు, ఆకు ఒలవండి.

పాలెగాడు తానే వస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. కానీ పక్క పాలెంతో పొలిమేర గొడవ వచ్చి వెంటనే కదలలేకపోయాడు. కబురు మాత్రం ఊరికి చేరింది. ఆ రోజు ఓబక్క మొదటిసారి అరుగు మీద కూలబడింది.

"గంగులూ, నాకేం భయం లేదు. కొడితే కొట్టనీ. మొక్కలు పోతే మాత్రం ఈయనకు మళ్ళీ నిద్ర పట్టదు. ఆ మూలుగు ఇంక వినలేను మే."

గంగులమ్మ తిట్టలేదు. పక్కనే కూర్చుంది. "వాళ్ళకు గోగేదో గంజాయేదో తెలీదు గదా. ఊరంతా గోగు వేస్తే?"

"నీళ్ళెక్కడివి?"

"నీ కారే కుండలెక్కడివి?"

ఆము వెనక ఏళ్ళ తరబడి పోగైన కారే కుండల గుట్ట ఉంది. ఓబక్క ఇంటికొక కుండ ఇచ్చింది. ప్రతి పెరట్లో ఒక కుండ పూడ్చారు, చుట్టూ గోగు గింజలు చల్లారు, రోజూ చెంబెడు నీళ్ళు పోశారు. ఆ కరువులో చెంబు నీళ్ళంటే ఏమిటో మీకు తెలియదు. కుళాయి తిప్పడం కాదు. ఒకరి దాహంలోంచి తీసి ఇవ్వడం. మంచాన పడ్డ ఒక మనిషి నిద్ర కోసం ఊరు ఊరంతా అట్లా తీసి ఇచ్చింది. ఆకు ముదిరేలోపు ఒక్కరూ ఇంక చాలనలేదు.

ఇంకో పని కూడా చేశారు. గంజాయి మొక్కల పక్కన తవ్వి చూస్తే, వేళ్ళన్నీ కుండను చుట్టుకుని ఉన్నాయి, చంటిబిడ్డ అమ్మ మెడ పట్టుకున్నట్టు. కుండను లేపితే మొక్కా లేచింది. ఒకటి గంగులమ్మ పెరట్లో, మిగతా రెండు మరో రెండు పెరళ్ళలో, గోగు మధ్యలో దింపారు. అవి వాడిపోలేదు. వాటి కుండ వాటితోనే ఉంది కదా.

మూడోసారి పాలెగాడే గుర్రమెక్కి వచ్చాడు. ఆ పొద్దున ఓబక్క ఆము వెలిగించింది. పచ్చి పిడకలు వేసి మరీ వెలిగించింది. ఊరంతా పొగ. ముక్కుకు ఏ వాసనా అందదు.

పాలెగాడు చూస్తే ఏ పెరట్లో చూసినా అయిదువేళ్ళ ఆకే. "నమిలి చూడండి!" అన్నాడు. "పుల్లగా లేనిదే గంజాయి."

మొదట ఓబక్క పెరడు. బంట్లు ప్రతి మొక్కా నమిలారు. పులుపు. పక్క పెరడు. పులుపు. దాని పక్క పెరడు. పులుపు. పళ్ళు పులిసిపోయాయి, నాలుక మొద్దుబారింది, కళ్ళ వెంట నీళ్ళు. మధ్యాహ్నం దాటాక రంగప్ప గంగులమ్మ పెరట్లోకి వచ్చాడు. గోగు మధ్యనున్న ఆ మొక్క ఆకే తెంపాడు. నోట్లో వేసుకున్నాడు.

రంగప్ప తుపుక్కున ఉమ్మాడు. "ఇదీ పులుపే దొరా."

"అయితే అన్నీ పీకేయండి!" అని అరిచాడు పాలెగాడు.

బంట్లు వంగారు. గోగు నూగుముళ్ళు అరచేతుల నిండా దిగాయి. లాగితే మొక్క రాలేదు, కింద కుండ పట్టుకుని ఉంది. తలెత్తి చూస్తే ప్రతి పెరటి గోడ మీద మనుషులు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, చంకన పిల్లలు. అందరిదీ ఒకటే మాట.

"అడిగితే గుప్పెడిస్తాం. పీకితే పుల్ల కూడా ఇయ్యం."

పాలెగాడు గుర్రాన్ని ఓబక్క ముందుకు తెచ్చాడు. "ఎక్కడ దాచినావో చెప్పు."

"దాచేదేముంది సామీ. అడుగు, నా చేత్తో తెచ్చిస్తా."

ఒక్క మాట. "ఇవ్వు" అంటే చాలు. పాలెగాడి నోరు తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది. ఊరంతా చూస్తోంది. కుమ్మరామెను అడగడమా? గుర్రాన్ని తిప్పాడు. బంట్లు చేతులు ఊదుకుంటూ వెనకే నడిచారు. ఆ పాలెగాడు బతికున్నన్నాళ్ళూ అడగలేదు. బతికున్నన్నాళ్ళూ అతనికి దొరకలేదు.

ఆ ఏడు వాన పడింది. తిమ్మయ్య చూరు నీళ్ళ చప్పుడు వింటూ, మూలుగు లేకుండా, నిద్రలోనే పోయాడు. ఓబక్క ఇంక గంజాయి వేయలేదు. "ఆయన కోసం వేసినాను, ఆయనతో అయిపోయింది" అంది. కారే కుండలు మాత్రం ప్రతి ఎండాకాలం ఊరికి పంచింది.

చాలా ఏళ్ళకు ఓబక్క కూడా పోయింది. పాతిపెట్టేటప్పుడు నీళ్ళకుండకు బెజ్జం పెట్టి, మోసుకుంటూ చుట్టూ తిరిగి, చివర పగలగొట్టడం మన వైపు ఆచారం. కుండ నేలకు వేయబోతుంటే గంగులమ్మ పట్టుకుంది. అప్పటికి ఆమెకు పళ్ళు లేవు, నోరు మాత్రం అట్లాగే ఉంది.

"ఆగండి రా! కారే కుండను ఎప్పుడన్నా పగలగొట్టిందా ఆయమ్మ? ఇప్పుడు మీరు పగలగొడతారా?"

పెద్దలు ఆచారమన్నారు. అరిష్టమన్నారు. గంగులమ్మ వినలేదు. ఆ కుండను తెచ్చి ఓబక్క పెరటి గోడ వారన పూడ్చి, పక్కన గోగు గింజలు నాటింది. ఒక్కరూ అడ్డు పోలేదు.

అందుకే మా అమ్మమ్మ వాళ్ళ వైపు ఇప్పటికీ ఎండాకాలం మొదలవగానే పెరట్లో ఒక కారే కుండ పూడుస్తారు. గోగు వరసలో చివరి మొక్క కోయరు, అది ఓబక్కది. మిగతా మొక్కల ఆకు కోయాలన్నా, సొంత పెరడైనా సరే, ముందు "ఓబక్కా, గుప్పెడు" అని అడిగి కోస్తారు. ఎవరైనా దౌర్జన్యంగా లాక్కోబోతే పిల్లలు కూడా గోడెక్కి ఆ మాటే అంటారు. ఏ మాట? మీ అందరికీ వచ్చేసిందిగా.

సరే, లేస్తాను. మిగిలిన కట్టలు మీరే ఒలవండి, కాడలు పడేయకండి. పొద్దు వాలుతోంది, పెరట్లో కుండలో ఇంకా నీళ్ళు పోయలేదు. ఆ చెంబు ఇటివ్వండి.

ఒరేయ్, ఆ గోగు మీద ఎవరిదా చెయ్యి? అడిగావా?